ఇస్తే పుచ్చుకునే దారి: టోక్యో నుంచి షికోకు దాకా

ఆదివారం, టోక్యో

నిషి-కసాయ్‌లో మా అన్నయ్యా వదినా పదేళ్లకు పైగా ఉంటున్నారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే పేట అది. ఈ పొద్దున వదినతో కలిసి తోజాయ్ లైన్ మెట్రో ఎక్కాను. మధ్యలో ఒక స్టేషన్‌లో డెబ్బై దాటిన పెద్దావిడ ఎక్కింది. భుజాన ఆటసామాను సంచీతో కూర్చున్న స్కూలు కుర్రాడొకడు లేచి, కూర్చోమన్నాడు. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపి, రెండుసార్లు తల వంచి, వచ్చే స్టేషన్‌లో దిగిపోతానంది. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. వచ్చే స్టేషన్‌లో ఆవిడ దిగలేదు, ఆ పై స్టేషన్‌లోనూ దిగలేదు. లేచినవాడు మళ్లీ కూర్చోలేడు, వద్దన్నావిడ ఇక కూర్చోలేదు. ఓతెమాచి దాకా ఆ సీటు అలాగే ఖాళీగా ఉంది.

"ఇక్కడ సీటిచ్చేవాళ్లు ఇలా అడగరు," అంది వదిన. "దిగబోతున్నట్టు లేచి పక్క పెట్టెలోకి వెళ్లిపోతారు. ఊరికే ఖాళీగా ఉంటే ఆవిడ కూర్చునేదే. ఎవరో లేచి ఇచ్చిన చోటంటేనే కష్టం."

జపాన్‌లో రైళ్లలో పెద్దలకు ప్రత్యేకంగా సీట్లు కేటాయించడం 1973లో మొదలైంది. ఆ ఏడాది సెప్టెంబరు 15న, వృద్ధుల గౌరవ దినం నాడు, అప్పటి ప్రభుత్వ రైల్వే చువో లైన్‌లో 'సిల్వర్ సీట్లు' పెట్టింది. సాయం కావలసినవాళ్లు అడగకుండా, ఇచ్చేవాళ్లు పిలవకుండా పని జరిగిపోయే ఏర్పాటు అది. మా ఎదురు సీట్లో ఒకమ్మాయి సంచీకి ఎర్రటి పట్టీ వేలాడుతోంది. దాని మీద తెల్లటి ప్లస్ గుర్తు, కింద గుండె బొమ్మ. 2012లో టోక్యో మహానగర ప్రభుత్వం తెచ్చిన 'హెల్ప్ మార్క్' అది. పైకి కనిపించని జబ్బున్నవాళ్లు, కృత్రిమ కీళ్లు వేయించుకున్నవాళ్లు, నెల తప్పిన కొత్తలో ఉన్నవాళ్లు తగిలించుకుంటారు. నోరు విప్పి అడగక్కర్లేదు, కాదనిపించుకోనక్కర్లేదు.

చారిటీస్ ఎయిడ్ ఫౌండేషన్ అనే బ్రిటిష్ సంస్థ 2021లో 114 దేశాలకు దాతృత్వ ర్యాంకులిస్తే అందులో జపాన్‌ది ఆఖరి స్థానం. గత నెలలో తెలియని మనిషికి సాయం చేశారా, దానమిచ్చారా, సేవకు సమయం వెచ్చించారా అన్నవి వాళ్ల ప్రశ్నలు. ఇది చదివి "జపాన్‌వాళ్ల గుండెలు రాళ్లు" అని తేల్చేసిన వ్యాసాలు చాలా చూశాను. నాకు అవి మింగుడుపడవు. పక్క పెట్టెలోకి వెళ్లిపోయిన మనిషి ఆ ప్రశ్నకు "అవును, సాయం చేశాను" అని రాయడు.

సోమవారం, టోక్యో

పార్కు బెంచీ కింద వదినకు ఒక పర్సు దొరికింది. దగ్గర్లోని చిన్న పోలీసు ఠాణా, అంటే కోబాన్‌కు వెళ్లాం. కుర్ర పోలీసు పర్సులోవన్నీ బల్ల మీద పరిచాడు. నోట్లు ఒక పక్క, చిల్లర ఒక పక్క, కార్డులు ఒక పక్క పెట్టి, మా ఎదుటే పైకి లెక్కపెట్టాడు. తర్వాత ఒక ఫారం తిప్పి వదిన ముందుంచాడు. ఆ ఫారమే ఈ రోజంతా నా బుర్రలో తిరుగుతోంది.

పోయిన వస్తువు దొరికితే దాని విలువలో 5 నుంచి 20 శాతం దాకా తెచ్చిచ్చినవాళ్లకు ముట్టజెప్పాలని జపాన్ చట్టం చెబుతుంది. మూడు నెలల్లో సొంతదారు రాకపోతే సొమ్ము దొరికించుకున్నవాళ్లదే, కొన్ని రకాల వస్తువులు తప్ప. ఆ బహుమానం మీద హక్కు ఉంచుకుంటారా, వదులుకుంటారా? మీ పేరూ ఫోను నంబరూ సొంతదారుకు చెప్పొచ్చా, వద్దా? ఒక్కోదానికి ఒక్కో గడి. వదిన హక్కులన్నీ వదులుకుంది. పేరు చెప్పొద్దంది.

"పేరు చెబితే మిఠాయి డబ్బా పట్టుకుని ఇంటికొస్తుంది. పాపం, పర్సు పోగొట్టుకున్న మనిషికి ఆ ఖర్చు కూడానా?"

ఇది ఆవిడ ఎలా నేర్చుకుందో దారిలో చెప్పింది. కాపురానికొచ్చిన కొత్తలో పక్కింటావిడకు జంతికలు పంపింది. మర్నాడు డబ్బా కడిగి, అందులో బిస్కెట్లు పెట్టి తెచ్చిచ్చారు. వట్టి చేతులతో తీసుకోవడమేమిటని వదిన లడ్డూలు పంపింది. రెండో రోజు ఒక పెద్ద ద్రాక్ష గుత్తి వచ్చింది. ఆ ద్రాక్ష ధర కొట్లో చూశాక వదిన భయపడి పంపడం మానేసింది. చావింట ఇచ్చిన డబ్బుకు ఇంచుమించు సగం విలువ చేసే వస్తువు తిరిగి పంపడం అక్కడి ఆచారం. పురిటికైనా, జబ్బు చేసి కోలుకున్నా అంతే. తీసుకున్నది తీర్చెయ్యాలి. తెలిసినవాళ్లయితే ఇవాళ కాకపోతే రేపు తీర్చొచ్చు. రైల్లో సీటిచ్చిన కుర్రాడి బాకీ ఎక్కడ తీర్చగలదు ఆ పెద్దావిడ? అతనెవరో తెలియదు, మళ్లీ కనబడడు.

ఇచ్చేవాళ్లకు ఇది బాగా తెలుసు. 2010 క్రిస్మస్ రోజున గున్మా ప్రాంతంలోని మాయెబాషిలో, పిల్లల సంక్షేమ కేంద్రం ముందు ఎవరో కొత్త స్కూలు బ్యాగులు పది పెట్టి వెళ్లిపోయారు. చీటీ మీద సొంత పేరు కాదు, ఒక కామిక్ కథానాయకుడి పేరుంది. కొద్ది రోజుల్లోనే అదే పేరుతో దేశమంతా అనాథ పిల్లల ఇళ్ల ముందు బ్యాగులు, బొమ్మలు, డబ్బు కవర్లు వెలిశాయి. దాత మొహం కనబడకపోతే పిల్లల నెత్తిన బాకీ ఉండదు.

మంగళవారం, బాందో

విమానంలో షికోకు దీవిలోని తొకుషిమా దిగి, రైలు మారి బాందో చేరాను. ఈ దీవి చుట్టూ 88 గుళ్ల యాత్ర ఉంది. సుమారు 1,200 కిలోమీటర్ల దారి. 774లో ఈ దీవిలోనే పుట్టిన కూకాయ్ అనే బౌద్ధాచార్యుణ్ని ఇక్కడివాళ్లు కోబో దాయిషి అని కొలుస్తారు. యాత్రంతా ఆయన పేరు మీదే. మొదటి గుడి ర్యోజెన్‌జీ ఈ ఊళ్లోదే. నేను నడవబోయేది పన్నెండో గుడి దాకా.

అపరిచితుల సాయం పుచ్చుకోని దేశంలో, పుచ్చుకోకపోతే తప్పనే దారి ఇదొక్కటే అని విని వచ్చాను. యాత్రికుడికి దారిపొడవునా జనం పండ్లు, టీ, డబ్బు, తినుబండారాలు ఇస్తారు. దాన్ని ఓసెత్తాయ్ అంటారు. కాదనకూడదు.

గుడి పక్క కొట్లో తెల్ల చొక్కా, గడ్డి టోపీ, చేతికర్ర కొన్నాను. వీటితోపాటు కొట్టావిడ తెల్ల చీటీల కట్ట ఇచ్చి, ఇది మాత్రం మర్చిపోవద్దంది. ఓసమెఫుదా అంటారు. పేరు, ఊరు, వయసు, కోరిక రాసి ప్రతి గుళ్లోనూ పెట్టెలో వెయ్యాలి. దారిలో ఎవరేమిచ్చినా వాళ్లకూ ఒకటివ్వాలి.

సాయంత్రం ఊరి చివర పాత ఖైదీల శిబిరం స్థలానికి నడిచాను. మొదటి ప్రపంచ యుద్ధంలో చైనాలోని చింగ్‌తావ్‌లో జపాన్‌కు దొరికిన జర్మన్ సైనికులు సుమారు వెయ్యిమందిని 1917 నుంచి 1920 దాకా ఇక్కడ ఉంచారు. శిబిరం అధికారి మత్సుయె తోయొహిసా. పుట్టింది అయిజులో, అంతర్యుద్ధంలో ఓడిపోయి కష్టాలుపడ్డ సంస్థానంలో. ఖైదీలను ఆయన మనుషుల్లా చూశాడు. వాళ్లు రొట్టెలు కాల్చారు, పత్రిక నడిపారు, ఊరివాళ్లకు రాతి వంతెన కట్టిపెట్టారు. ఆ వంతెన ఇప్పటికీ ఉంది. 1918 జూన్ 1న బీథోవెన్ తొమ్మిదో సింఫనీని వాయించారు. ఆసియాలో అది పూర్తిగా వినబడడం అదే మొదలని చెబుతారు. శత్రుసైనికులతో ఊరివాళ్లు అంత కలుపుగోలుగా ఎలా ఉన్నారంటే, తరాలుగా దారినపోయేవాళ్లకు పెట్టిన అలవాటే అంటారు ఇక్కడ. ఎంత నిజమో కొలవలేం గానీ, నాకు నమ్మాలనిపించింది.

బుధవారం, మొదటి గుడి నుంచి ఆరో గుడికి

మూడో గుడి దాటాక సందు మలుపులో ఒక ముసలమ్మ పిలిచింది. ఎండిన మట్టి అంటిన రబ్బరు బూట్లు, నడుం దగ్గర వంగిన మనిషి. "హెన్రో-సాన్", అంటే యాత్రికుడు గారూ, అని పిలిచి రెండు మికాన్ కమలాలు నా దోసిట్లో పెట్టింది. వాటి మీద, మెత్తటి కాగితంలో పొట్లం కట్టిన 100 యెన్‌ల బిళ్ల. విప్పి చూస్తే గానీ డబ్బని తెలియదు. వట్టి చేత్తో డబ్బివ్వడం అమర్యాద, అందుకే పొట్లం. ఎవరో ఒక యాత్రికుడు వస్తాడని పొద్దున్నే కట్టి జేబులో వేసుకుందన్నమాట.

నేను చీటీ తీసి ఇచ్చాను. పేరు తెలుగులో రాశాను, ఊరు హైదరాబాదని. ఆవిడ రెండు చేతులతో అందుకుని నుదుటి దాకా ఎత్తి, కళ్లు మూసుకుంది. నాకంటే లోతుగా వంగి దణ్ణం పెట్టింది. తర్వాత అక్షరాల మీద వేలితో రాస్తూ, గుండ్రంగా ఉన్నాయంది. చిన్నప్పుడు వాళ్లింట్లో ఇలాంటి చీటీలన్నీ గడ్డి బస్తాలో పోసి దూలానికి వేలాడదీసేవారట. ఇల్లు కాలకుండా, దొంగలు రాకుండా ఆ బస్తా కాపాడుతుందని నమ్మకం.

మన దగ్గర అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లను ఇంటికి పిలిచి భిక్ష పెట్టినప్పుడు, పెట్టినవాళ్లే స్వాముల కాళ్లకు మొక్కుతారు. అదే నాకు గుర్తొచ్చింది. పెట్టినామెకు అందవలసింది అక్కడికక్కడే అందిపోయింది. ఎవరికి ఎవరూ బాకీ లేరు. నా చొక్కా వీపు మీద నాలుగక్షరాలున్నాయి, ఈ యాత్రికుడు ఒంటరి కాదు, దాయిషి పక్కనే నడుస్తున్నాడని వాటి భావం. ఆవిడ కమలాలిచ్చింది ఆయనకు కూడా.

రాత్రి ఆరో గుడి అన్‌రాకుజీ వసతిలో దిగాను. వేడి ఊట స్నానం ఉంది. భోజనాల బల్ల దగ్గర నా ఎదుట ఒసాకా పెద్దాయన కూర్చున్నాడు. ఉద్యోగ విరమణ చేసి, ఈ చుట్టు పూర్తిగా నడవాలని వచ్చాడు. నా అరకొర జపనీస్, ఆయన అరకొర ఇంగ్లీషు, మధ్యలో ఫోను.

గురువారం, పదో గుడికి

ఇద్దరం కలిసే బయల్దేరాం. తొమ్మిదో గుడి దాటాక చిన్న ట్రక్కులో రైతొకాయన ఆపి, పదో గుడి కిరిహతాజీ దాకా దింపుతానన్నాడు. పెద్దాయన టోపీ తీసి, కాలినడక మొక్కు ఉంది, ఎక్కలేనని చెప్పాడు. రైతు నొచ్చుకోలేదు. ఓసెత్తాయ్ కాదనకూడదన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు అని దారంతా చాలామంది చెప్పారు. కానీ పెద్దాయన అక్కడితో ఆగలేదు. జేబులోంచి చీటీ తీసి కిటికీలోంచి రైతుకిచ్చాడు. ట్రక్కు ఎక్కకుండా చీటీ ఎందుకని అడిగితే, ఆయన ఆపాడు కదా అన్నాడు.

కిరిహతాజీకి మెట్లు 333. పైన ఒక స్త్రీ విగ్రహం నిలబడి ఉంది, ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో బట్ట. దాయిషి ఇక్కడ తపస్సు చేసుకుంటూ, చిరిగిన బట్టకు మాసిక వేసుకోవడానికి చిన్న పీలిక ఇమ్మని నేతగత్తెను అడిగాడట. ఆ పిల్ల మగ్గం మీద నేస్తున్న కొత్త బట్టనే, ఒక్క క్షణం తటపటాయించకుండా కత్తిరించి ఇచ్చింది. ఏం కావాలని దాయిషి అడిగితే, తల్లిదండ్రుల కోసం కన్నన్ దేవత విగ్రహం చేసిపెట్టమంది. ఆయన చేశాడు. పిల్ల తనే కన్నన్ అయిపోయిందని కథ. ఇవ్వడానికి ముందు ఆమె లెక్క వేసుకోలేదు, ఇచ్చాక ఆమెకు రావలసింది ఆగలేదు. ఈ దారి మొత్తానికి పునాది ఈ కథలోనే ఉందని నాకనిపించింది.

శుక్రవారం, యొషినో నది దాటి కమోజిమా

వాన. వరదకు మునిగేలా కట్టిన, రెయిలింగు లేని సన్నటి వంతెనల మీద నది దాటి పదకొండో గుడి ఫుజీఇదేరా చూసుకుని, మధ్యాహ్నానికే బసలో చేరాం.

ఈ దారి అందరినీ ఒకేలా ఆదరించలేదు. పల్లెల్లో తిండి లేనివాళ్లు, కుష్ఠువ్యాధితో ఇంటినుంచి వెళ్లగొట్టబడ్డవాళ్లు బతకడానికి ఈ దారి పట్టారు, తిరిగి తిరిగి దారిలోనే పోయారు. దీవి దక్షిణాన ఉన్న తోసా సంస్థానం యాత్రికులు ఏ కాపలా ఠాణా గుండా రావాలో, ఏ బాటన నడవాలో కట్టడి చేసింది. మెయ్‌జీ కాలంలో (1868-1912) ప్రభుత్వాలు యాత్రికుల భిక్షాటనను నిషేధించాయి. 1909లో తకమత్సుకు ఎదురుగా ఉన్న ఓషిమా దీవిలో కుష్ఠురోగులకు ఆశ్రమం పెట్టారు. మందు వచ్చాక కూడా బలవంతపు ఏకాంతవాస చట్టం 1996 దాకా రద్దు కాలేదు. దారి మీద ఉన్నంతసేపూ వాళ్లకు కమలాలిచ్చిన చేతులున్నాయి, వాళ్లను దారి నుంచి ఏరివేస్తుంటే ఆపిన చేతులు లేవు. 2014లో యాత్రికుల విశ్రాంతి పాకల్లో, ఈ దారిని కొరియావాళ్ల నుంచి కాపాడుకుందామంటూ చీటీలు అంటించారు. ఒక కొరియా మహిళకు మార్గదర్శి హోదా ఇచ్చారన్న కోపం అది. తెల్ల చొక్కా వేసుకున్నవాళ్లు ఎవరైనా ఒకటేనన్న మాట ఈ దారి ఇచ్చింది. ఆ మాట తప్పిన ప్రతిసారీ గట్టిగా చెప్పుకోవాలి, అందుకే రాస్తున్నాను.

సాయంత్రం పెద్దాయన మేజోడు విప్పితే మడమ దగ్గర పెద్ద బొబ్బ చితికి ఉంది. నా దగ్గర బొబ్బలకు అంటించే మెత్తటి ప్లాస్టర్లు ఒక పాకెట్ ఉంది. తీసుకోండన్నాను. "దాయిజోబు," పరవాలేదన్నాడు. రేపు కొండదారి, ఇలా నడవలేరు అన్నాను. పరవాలేదు, కొట్లో కొనుక్కుంటాను, మీకే కావలసి రావచ్చు. వానలో కొట్టు దూరమని ఇద్దరికీ తెలుసు. మూడోసారి అడిగితే నవ్వు కాస్త బిగుసుకుంది, నిన్నటిదాకా ఉన్న చనువు కూడా పోయేలా ఉంది.

అప్పుడు ముసలమ్మ ఇచ్చినట్టే పాకెట్‌ను రెండు చేతులా పట్టుకుని, కొంచెం వంగి, "ఓసెత్తాయ్" అన్నాను.

ఆయన సర్దుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు చేతులతో అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. సంచీ తెరిచి, చీటీ తీసి, తేదీ వేసి నాకిచ్చాడు. ఇంకేమీ అనకుండా ప్లాస్టరు అంటించుకున్నాడు. మనిషి అతనే, వస్తువు అదే, నొప్పి అదే. పుచ్చుకోవడానికి ఒక తోవ దొరికింది, అంతే తేడా.

టోక్యో రైల్లో ఆ తోవ లేదు. అందుకే పట్నంవాళ్లు సంచీకి ఎర్ర పట్టీలు, ఫారాల్లో గడులు, పేరులేని బ్యాగులు కనిపెట్టుకున్నారు. అవి కూడా దయే. కానీ ఎదుటి మనిషి మొహం చూసి ఇచ్చి, మొహం చూసి పుచ్చుకునే వీలు ఈ పల్లెలు పోగొట్టుకోలేదు.

శనివారం, షోసాన్‌జీ

ఫుజీఇదేరా వెనకనుంచే కొండ మొదలు. పన్నెండో గుడికి పదమూడు కిలోమీటర్లు. యాత్రికులు దొర్లిపడే చోటు అని దీనికి పేరు. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. మధ్యలో మహావృక్షం కింద దాయిషి నిలువెత్తు కంచు విగ్రహం పొగమంచులోంచి ఒక్కసారిగా కనిపిస్తుంది. గుడి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పెద్దాయన కుంటకుండానే ఎక్కాడు.

కిందికి దిగే దారిలో జోషిన్‌ఆన్ ఉంది. ఎమోన్ సబురో సమాధి ఇక్కడే. ఇయో దేశంలో, అంటే ఇప్పటి ఎహిమేలో, ఆయన పెద్ద ఆస్తిపరుడు. గుమ్మంలోకి వచ్చిన భిక్షువును రోజూ తరిమాడు. చివరికి భిక్షాపాత్రను కొడితే ఎనిమిది ముక్కలైంది. ఆ తర్వాత ఎనిమిదిమంది కొడుకులూ ఒకరి తర్వాత ఒకరు పోయారు. వచ్చినవాడు దాయిషి అని అప్పుడు తెలిసింది. ఆస్తంతా పంచిపెట్టి, క్షమించమని అడగడానికి దీవి చుట్టూ ఇరవైసార్లు తిరిగినా కనబడలేదు. ఇరవై ఒకటోసారి ఎదురుదిక్కున తిరుగుతూ ఇక్కడ పడిపోయాడు. దాయిషి వచ్చాడు. విగ్రహాల్లో ఒకాయన నిలబడి ఉన్నాడు, ఇంకొకాయన నేల మీద ఉన్నాడు. మళ్లీ పుట్టి మంచి చేయాలని కోరితే, దాయిషి ఒక రాయి మీద ఆయన పేరు రాసి చేతిలో పెట్టాడట. తర్వాత ఇయో పాలకుడి ఇంట పుట్టిన బిడ్డ గుప్పిట్లో ఆ రాయి ఉందని, మత్సుయామాలోని 51వ గుడికి ఇషితేజీ, అంటే 'రాతి చేతి గుడి', అన్న పేరు అలా వచ్చిందని చెబుతారు.

ఇక్కడే కూర్చుని నా లెక్కంతా పెద్దాయనకు చెప్పాను. బాకీ తీర్చే దారి ఉన్నచోట జపాన్‌వాళ్లు పుచ్చుకుంటారు, లేనిచోట వద్దంటారు, చీటీ అంటే చెల్లింపు రశీదు లాంటిదే అని.

ఆయన ఒప్పుకోలేదు. "చీటీకి విలువేముంది? కాగితం. ఆ ముసలమ్మ నీకివ్వలేదు, నువ్వు ఆవిడకు చెల్లించలేదు. దాయిషికి ఇచ్చింది. నువ్వు మోసుకెళ్లావు. నిన్న నేనూ అంతే, నీ దగ్గర తీసుకోలేదు."

"ప్లాస్టరు కొన్నది నేను కదా," అన్నాను.

"చేతికర్రే దాయిషి అంటారు. దాన్ని కొన్నదీ నువ్వే," అన్నాడు.

మరి బాకీ లేదనుకుంటే చీటీ మీద తేదీ వేసి మరీ ఎందుకిచ్చారన్నాను. ఆ ప్రశ్నకు ఆయన దగ్గరా జవాబు తొందరగా రాలేదు. బస్టాపు దాకా వాదించుకుంటూనే దిగాం. ఆయన పదమూడో గుడి వైపు తిరిగాడు, నేను తొకుషిమా బస్సెక్కాను.